రేవు పట్టణాల్లో ఫొటోగ్రఫీ: నల్లగొండ, పాలమూరు మిత్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

దసరా, సంక్రాంతి సెలవులు దగ్గర పడ్డాయంటే చాలు, నల్లగొండ, మిర్యాలగూడ, వనపర్తి, మహబూబ్‌నగర్ల నుంచి మిత్రులు ఫోను చేసి ఇంచుమించు ఇవే సందేహాలు అడుగుతుంటారు. పాత రేవు పట్టణాల్లో కెమెరాతో తిరగడం నాకు ఎంతో ఇష్టమైన వ్యాపకం కాబట్టి, ఇన్నేళ్లలో విడివిడిగా చెప్పిన జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## బయలుదేరక ముందు

మనకు సముద్రమే లేదు కదా, రేవు పట్టణాల ఫొటోలు మనకెందుకు?

సముద్రం లేకపోయినా రేవుతో మన అనుబంధం చాలా పాతది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకునే పాత ఆనవాయితీని మాన్పించి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామని అందులో వర్తకులకు మాట ఇచ్చాడు. తర్వాతి కాలంలో గోల్కొండ కుతుబ్‌షాహీ రాజ్యానికి మచిలీపట్నం ప్రధాన రేవు అయింది. వజ్రాలు, అద్దకపు బట్టలు అక్కడే ఓడలకెక్కాయి. ఇవాళ చౌటుప్పల్, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి కూడా చివరికి మచిలీపట్నంలోనే ఆగుతుంది. మన ఊరి ముందు నుంచి పోయే దారి ఎక్కడికి చేరుతుందో చూసి రావడానికి వేరే కారణం అవసరం లేదు. పైగా, తీరంలో పుట్టి పెరిగినవారి కంటికి అలవాటైపోయి ఆనని వలలు, తుప్పు పట్టిన లంగర్లు, ఉప్పుకు పెచ్చులూడిన గోడలు మనకు కొత్తగా కనిపిస్తాయి. ఫొటో తీసేవారికి ఆ కొత్తదనం ఎంతో ఉపకరిస్తుంది.

మొదటిసారి ఏ ఊరికి వెళ్తే బాగుంటుంది?

నన్ను అడిగితే బందరు, అంటే మచిలీపట్నం. బందరు అన్న మాటకే పారశీకంలో రేవు అని అర్థం. డచ్చివారు, 1611 నుంచి ఆంగ్లేయులు, ఆపైన ఫ్రెంచివారు అక్కడ వర్తకం చేశారు. అయినా ఇప్పుడు యాత్రికుల రద్దీ ఉండదు, భాష మనదే, ఊరు రెండు రోజుల్లో కాలినడకన చూడగలిగినంత ఉంటుంది. కోట శిథిలాలు, డచ్చి సమాధులు, గిలకలదిండి చేపల రేవు, పక్కనే పెడనలో కలంకారీ అద్దకం ఉన్నాయి.

రెండో ప్రయాణానికి భీమునిపట్నం, అంటే భీమిలి మంచిది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరది. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, పాత డచ్చి సమాధులు అన్నీ దగ్గర దగ్గరగా ఉంటాయి. కొచ్చి, పుదుచ్చేరి, తమిళనాడు తీరంలోని తరంగంబాడి ఆ తర్వాత చూడవచ్చు. చాలామంది ముందుగా పుదుచ్చేరి వెళ్తారు కానీ, అక్కడి పసుపు గోడలు, కాగితపు పూలు ఎంత అందంగా ఉంటాయంటే, మొదటిసారి వెళ్లినవారు వాటి ముందే ఆగిపోయి, అందరూ తీసిన ఫొటోనే తామూ తీసుకుని వస్తారు. అంత కనువిందు చేయని ఊళ్లో చూపు త్వరగా పదునెక్కుతుందని నా నమ్మకం.

ఏ నెలలో వెళ్లాలి?

కోస్తా ఆంధ్రకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం. అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫానుల భయం ఉంటుంది. పుదుచ్చేరి, తరంగంబాడి వైపు ఈశాన్య రుతుపవనాల వర్షాలు డిసెంబరు దాకా సాగుతాయి కాబట్టి జనవరి తర్వాత వెళ్లడం మేలు. కొచ్చికి జూన్ నుంచి సెప్టెంబరు వరకు జోరు వానలు. అయితే వాన వెలిసిన గంటలో తడి వీధులు, నల్లబడిన పెంకులు, మబ్బు కింది మెత్తని వెలుతురు మరే కాలంలోనూ దొరకవు; గొడుగు పట్టే తోడుంటే అదీ మంచి కాలమే.

ఖరీదైన కెమెరా ఉండాలా, ఫోను సరిపోదా?

ఫోనుతో మొదలుపెట్టవచ్చు. పగటి వెలుతురులో వీధులు, తలుపులు, గోడలు తీయడానికి ఈ కాలపు ఫోను చాలు. కెమెరా అయితే 35 లేదా 50 మిల్లీమీటర్ల లెన్స్ ఒక్కటి పట్టుకుని వెళ్లండి. రేవు పట్టణాల పాత వీధులు ఇరుకుగా ఉంటాయి, ఉక్కపోత ఎక్కువ. బరువైన సంచి భుజాన ఉంటే మధ్యాహ్నానికే మనసు చూడటం మానేసి నీడ కోసం వెతుకుతుంది. డబ్బు మిగిలి ఉంటే రెండో లెన్స్ కొనడం కన్నా రెండో ప్రయాణం చేయడం ఎక్కువ నేర్పుతుంది.

దూరం పోకుండానే సాధన చేయడానికి మన దగ్గర చోట్లు ఉన్నాయా?

ఉన్నాయి, అవి చాలా మంచి చోట్లు కూడా. నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో రోజంతా స్తంభపు నీడ నిలిచే ఆ గుడిని మించి వెలుతురు గురించి నేర్పే బడి నాకు తెలియదు. ఒక పూటంతా అక్కడ కూర్చుని, ఒకే స్తంభాన్ని గంటకొకసారి తీసి చూడండి. నల్లరాతి మీది చెక్కడం ఏ వేళలో పైకి తేలుతుందో, ఏ వేళలో రాయిలో కలిసిపోతుందో తెలుస్తుంది. రేవు పట్టణాల్లో శాసనాలు, సమాధి రాళ్లు తీయడానికి పనికివచ్చే పాఠం అదే.

నీళ్లు, పడవలు, మనుషుల సాధనకు కొల్లాపూర్ దగ్గరి సోమశిల వెళ్లండి. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు పుట్టి మీద వల వేసే జాలరి పొద్దు పొడవక ముందే నదిలో ఉంటాడు. నీటి మెరుపులో మనిషి ముఖం నల్లబడకుండా తీయడం ఎలాగో అక్కడ నేర్చుకోవచ్చు. దామరచర్ల దగ్గర కృష్ణా మూసీలు కలిసే వాడపల్లి మరో చోటు. అదే కృష్ణ దిగువన బందరు సీమలో హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది కాబట్టి, సోమశిల నుంచి సంగమం దాకా ఒకే నదిని కొన్నేళ్లపాటు తీసుకుంటూ పోవడం ఒక జీవితానికి సరిపడే పని.

చరిత్ర ఎంత చదువుకుని వెళ్లాలి?

ఆ ఊరు ఎందుకు పెరిగింది, ఎందుకు తగ్గింది, ఈ రెండూ తెలిస్తే చాలు. బందరునే తీసుకుంటే, గోల్కొండ రాజ్యం వెనుక ఉన్నంతకాలం వెలిగింది, 1687లో ఆ రాజ్యం పడిపోయింది, తర్వాత వర్తకం మెల్లగా చెన్నపట్నం వైపు మళ్లింది. ఒడ్డున నీళ్ల లోతు తక్కువ కావడంతో పెద్ద ఓడలు దూరాన లంగరు వేసుకోవలసి వచ్చేది. 1864 నవంబరు 1న వచ్చిన తుఫాను ఉప్పెనలో దాదాపు 30,000 మంది చనిపోయారు. ఇది తెలిసిన తర్వాత కోట దగ్గరి ఖాళీ నేల, రొచ్చు, ఉప్పు గడ్డి మీకు ఖాళీగా కనిపించవు. తెలియకపోతే అక్కడ తీయడానికేమీ లేదని గంటలో వెనుదిరుగుతారు. అలా వెనుదిరిగిన మిత్రులు నాకు చాలామంది ఉన్నారు.

## ఊరు చేరిన తర్వాత

ఒక్క రోజే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

తెల్లవారకముందే చేపల రేవు, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు కోట లేదా సమాధులు, ఎండ నెత్తికెక్కాక గోదాములు, పనివారి ఇళ్లు, నీడ పట్టున ఉండే బజారు, సాయంత్రం నివాస వీధులు. ఈ వరుస ఇంచుమించు అన్ని రేవు ఊళ్లకూ నప్పుతుంది. సముద్రపు ఒడ్డుకు చివరగా వెళ్లినా నష్టం లేదు. అలలు అన్ని ఊళ్లలోనూ ఒకలాగే ఉంటాయి. వర్తకం వదిలి వెళ్లిన తలుపులు, తూకాలు, వీధి పేర్లు, సమాధులు ఏ ఊరికి ఆ ఊరివే.

తూర్పు తీరానికీ పడమటి తీరానికీ వెలుతురులో తేడా ఉంటుందా?

చాలా ఉంటుంది. బందరు, భీమిలి, పుదుచ్చేరి, తరంగంబాడిలలో సూర్యుడు సముద్రంలో నుంచి లేస్తాడు. పుదుచ్చేరి పాత పేటలో కొన్ని వీధులు సముద్రానికి ఎదురుగా నిలువుగా సాగుతాయి కాబట్టి, పొద్దున మొదటి అరగంట ఎండ ఆ వీధుల్లో ఈ చివర నుంచి ఆ చివరకు పారుతుంది. ఆ అరగంట దాటితే ఒక వైపు గోడకు మాత్రమే వెలుతురు ఉంటుంది. కొచ్చిలో ఇది తలకిందులు. అక్కడ సూర్యుడు అరేబియా సముద్రంలో అస్తమిస్తాడు కాబట్టి చీనా వలలు, అంటే ఒడ్డున కర్రల చట్రానికి వేలాడే పెద్ద చేపల వలలు, సాయంత్రం వెలుతురుకు ఎదురుగా నల్లని రేఖలుగా కనిపిస్తాయి. ఆ వలల కర్రలు, తాళ్లు, బరువుకు కట్టిన రాళ్లు, లాగేవారి కండలు స్పష్టంగా కావాలంటే మాత్రం పొద్దున్నే వెళ్లాలి. నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా పోయే శబరి ఎక్స్‌ప్రెస్ నేరుగా ఎర్నాకుళం చేరుస్తుంది కాబట్టి కొచ్చి మనకు అనుకున్నంత కష్టమైన ప్రయాణమేమీ కాదు.

ఆటుపోట్ల వేళలు తెలుసుకోవాలా?

తప్పక తెలుసుకోవాలి. సాధారణంగా రోజుకు రెండు పోట్లు (నీరు పైకి రావడం), రెండు ఆటులు (నీరు వెనక్కి తగ్గడం) వస్తాయి, మరునాడు అదే పోటు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకూ ఆటుకూ నీటిమట్టంలో తేడా ఎక్కువ. పోటు మీద పడవలు రేవులోకి వస్తాయి, ఆటు మీద బురదలో ఒరిగి పడి ఉంటాయి. మీకు ఏది కావాలో దాన్ని బట్టి వేళ చూసుకోండి. కొత్త ఊళ్లో బురద మీదికి దిగేముందు అక్కడి జాలరిని అడగండి. సముద్రం మనకు అలవాటు లేని వస్తువు.

హార్బరు ఫొటో తీస్తే ఇబ్బంది అవుతుందా?

కావచ్చు. విశాఖపట్నం, కొచ్చి వంటి చోట్ల నౌకాదళం ఉంది, పెద్ద ఓడరేవుల లోపలి భాగాలు భద్రతా ప్రాంతాలు. ఫొటోలు నిషేధమన్న పలక కనిపిస్తే కెమెరా సంచిలో పెట్టేయండి. పలక లేకపోయినా యుద్ధనౌకల వైపు లెన్స్ తిప్పకండి. చేపల రేవుల్లో సాధారణంగా అభ్యంతరం ఉండదు కానీ, ప్రవేశం దగ్గర ఉన్నవారికి ఒక మాట చెప్పి లోపలికి వెళ్లడం మర్యాద. పురావస్తు శాఖ కాపాడే కట్టడాల్లో చేతితో పట్టుకుని తీయవచ్చు, ట్రైపాడ్ వాడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. కొచ్చిలోని మట్టంచేరి రాజభవనం లోపల కుడ్య చిత్రాలు అద్భుతంగా ఉంటాయి, వాటిని ఫొటో తీయనిస్తారో లేదో ముందుగా అడగండి. తీయలేనప్పుడు నిదానంగా చూడండి, అదీ సాధనే.

డ్రోన్ ఎగరవేయవచ్చా?

2021 డ్రోన్ నియమాల ప్రకారం ఆకాశాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విభజించారు. ఎరుపు మండలంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే ఎగరవేయరాదు. నౌకాదళం ఉన్న రేవు ఊళ్లలో ఈ ప్రయత్నం మానుకోవడం ఉత్తమం.

## ఫొటో తీసేటప్పుడు

సమాధి రాళ్ల మీద అక్షరాలు ఫొటోలో కనిపించడం లేదు. ఏం చేయాలి?

ఈ ప్రశ్నకు నేను కాస్త వివరంగా చెప్పదలచుకున్నాను, ఎందుకంటే నాకు ఈ వ్యాపకం మీద నిజమైన ప్రేమ పుట్టింది ఇక్కడే. బందరు డచ్చి సమాధుల ఆవరణకు నేను మొదటిసారి మిట్టమధ్యాహ్నం వెళ్లాను. పెద్ద పెద్ద నల్లరాతి పలకలు నేల మీద పరచినట్టు ఉన్నాయి, ఎండ నిలువుగా పడుతోంది, ఫొటోలో అన్నీ చదునైన బండల్లాగే వచ్చాయి. మరునాడు ఉదయం ఏడింటికి మళ్లీ వెళ్లాను. ఎండ పలక అంచున జారుతూ పక్క నుంచి తాకుతోంది. నిన్న ఏమీ లేని బండ మీద కుటుంబపు చిహ్నం, శిరస్త్రాణం, దాని చుట్టూ మెలికలు తిరిగిన ఆకుల తీగ, కింద వరుసలుగా ఉబ్బెత్తు అక్షరాలు ఒక్కొక్కటిగా లేచాయి. ఒక అక్షరం పొట్టలో ఎండుటాకు ఇరుక్కుని ఉంది, దాని నీడ కూడా ఆ అక్షరంలో భాగమే అన్నట్టు పడింది. పావుగంటలో ఎండ పైకి వచ్చింది, అక్షరాలు మళ్లీ మెల్లగా రాతిలోకి దిగిపోయాయి.

కాబట్టి పక్క వెలుతురు కోసం పొద్దున్నే లేదా సాయంత్రం వెళ్లండి. కుదరకపోతే పలక మీద గొడుగుతో నీడ చేసి, తోడు వచ్చినవారిని చిన్న టార్చిలైటు రాతికి దాదాపు ఆనించి అడ్డంగా వెలిగించమనండి. కెమెరాను పలకకు సమాంతరంగా పట్టుకోండి. అక్షరాలు బాగా కనిపించాలని రాతి మీద సుద్ద, పిండి, నూనె రాయవద్దు, నీళ్లు పోసి బ్రష్‌తో రుద్దవద్దు. వందల ఏళ్లు నిలిచిన చెక్కడం మన ఒక్క ఫొటో కోసం అరిగిపోకూడదు.

తెల్లని సున్నపు గోడలు బూడిద రంగులో వస్తున్నాయి. ఎందుకు?

కెమెరా తన ముందున్న దృశ్యాన్ని సగటు వెలుతురు గలదిగా అనుకుంటుంది, అందువల్ల తెల్లదనం ఎక్కువగా ఉన్నప్పుడు తగ్గించి తీస్తుంది. ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరా తీసుకునే వెలుతురును, ఒక స్టాప్‌లో మూడింట రెండు వంతుల నుంచి ఒక స్టాప్ వరకు పెంచండి (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు), వెలుతురు పంపకాన్ని చూపే హిస్టోగ్రామ్ గీత కుడి అంచును తాకకుండా చూసుకోండి. చీకటి గోదాముల్లో దీనికి వ్యతిరేకంగా తగ్గించాలి.

పాత మేడలన్నీ వెనక్కి వాలినట్టు వస్తున్నాయి.

కెమెరాను పైకి ఎత్తి తీయడం వల్ల నిలువు గీతలు పైన దగ్గరకు చేరతాయి. కెమెరాను నేలకు సమంగా పట్టుకుని, వీలైనంత వెనక్కి జరగండి, లేదా ఎదురింటి మేడ మీదికి అనుమతి అడిగి ఎక్కండి. ఇరుకు వీధిలో ఇవేవీ కుదరకపోతే మేడ మొత్తం తీయడం మానేసి, తలుపు, కిటికీ చువ్వలు, అరుగు తీయండి.

మనుషులను అడిగి తీయాలా, అడిగితే సహజత్వం పోదా?

అడగండి. అడగగానే మనిషి బిగుసుకుపోవడం నిజమే, కానీ పది నిమిషాలు అక్కడే ఉంటే తన పనిలో తాను పడిపోతారు. అప్పుడు వచ్చే ఫొటో దొంగచాటుగా తీసినదానికన్నా మేలుగా ఉంటుంది. పిలుపు విషయంలో జాగ్రత్త. మన వైపు పెద్దావిడను అవ్వా అని పిలవడం అలవాటు, కోస్తాలో మామ్మగారూ అనో అమ్మా అనో అంటే చాలా త్వరగా కలుస్తారు. చేపల రేవులో వేలం జరుగుతున్నప్పుడు అడ్డు నిలబడవద్దు, అది వారికి రోజు కూలి నిర్ణయమయ్యే వేళ. కొచ్చి వలల దగ్గర తాడు లాగమని పిలిచి, తర్వాత కొంత సొమ్ము ఆశిస్తారు. ముందే మాట్లాడుకుని ఇవ్వడం న్యాయం. వద్దని చేయి ఊపినవారి ఫొటో ఎంత బాగా వచ్చినా తుడిచేయాలి.

పెడన కలంకారీ పనివారి దగ్గర ఏం తీయాలి?

చేతులు తీయండి. చెక్క అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, అరచేతి అంచుతో ఒక్క దెబ్బ వేసే ఆ క్షణాన్ని కదలకుండా పట్టడానికి సెకనులో 250వ వంతు షట్టర్ వేగం చాలు. ఆ పని లయను చూపాలంటే 15వ వంతుకు తగ్గించండి. దశలన్నీ వరుసగా తీస్తే కథ నిండుగా ఉంటుంది. కరక్కాయ రసంలో నానబెట్టిన గుడ్డ, ఇనుప ముక్కలు, బెల్లం పులియబెట్టి చేసిన నల్లరంగు, పటిక, పారే నీటిలో ఉతకడం, గడ్డి మీద ఆరబెట్టడం. ఈ బట్ట కోసమే ఓడలు బందరు రేవుకు వచ్చాయి కాబట్టి, కోట గోడ కన్నా ఈ అచ్చుబల్ల ఆ చరిత్రకు దగ్గరగా ఉంటుంది. వారి అచ్చుల నమూనాలను దగ్గరగా తీసేముందు మాత్రం యజమానిని విడిగా అడగండి, అవి వారి జీవనోపాధి.

## ఇంటికి తిరిగి వచ్చాక

ఉప్పు గాలికి కెమెరా పాడవుతుందా?

అవుతుంది, అదీ నిదానంగా. ఒక వానాకాలం కొచ్చి నుంచి వచ్చాక నేను లెన్స్‌ను తోలు సంచితో సహా బీరువాలో పెట్టి మూడు నెలలు మరచిపోయాను. తీసి చూస్తే అద్దం లోపల సాలెగూడు దారాల్లాంటి బూజు పాకి ఉంది. బాగుచేయించినా ఆ మసక పూర్తిగా పోలేదు. అప్పటి నుంచి ప్రతి సాయంత్రం బసలోనే, కొద్దిగా తడిపి గట్టిగా పిండిన మెత్తని గుడ్డతో కెమెరా ఒళ్లంతా తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడుస్తాను. ట్రైపాడ్ కాళ్లను మంచినీళ్లతో కడుగుతాను. ఇంటికి రాగానే సంచిలోంచి తీసి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచుతాను. ఏసీ గదిలో నుంచి ఉక్కపోతలోకి వెళ్లేటప్పుడు కెమెరాను సంచిలోనే అరగంట ఉంచితే అద్దానికి చెమ్మ పట్టదు. ఆరుబయట లెన్స్ మార్చడం వీలైనంత తగ్గించండి.

రెండు వేల ఫొటోలు తెచ్చాను. ఇప్పుడేం చేయాలి?

ముందుగా రెండు వేర్వేరు చోట్ల నకలు పెట్టండి, ఆ తర్వాతే మెమొరీ కార్డు ఖాళీ చేయండి. వారం రోజులు వాటిని చూడకండి. ప్రయాణపు సంతోషం కాస్త తగ్గాక ఇరవై ఎంచండి. ఎంచిన ప్రతిదానికీ ఊరు, వీధి, తేదీ, కెమెరా ఏ దిక్కుకు చూస్తున్నదీ రాసుకోండి. ఊరి పేరు విషయంలో పాత పేరు, వాడుక పేరు రెండూ రాయాలని నా అభిప్రాయం: మచిలీపట్నం అంటే బందరు అని, తరంగంబాడి అంటే ట్రాంకేబార్ అని. తీరంలో గోడలు త్వరగా కూలిపోతాయి. పదేళ్ల తర్వాత ఆ గోడ ఎక్కడ ఉండేదో చెప్పడానికి మీరు రాసిన ఆ ఒక్క వాక్యమే మిగలవచ్చు.

ఫొటో తీయించుకున్నవారికి ప్రింట్లు ఎలా చేర్చాలి?

ఫోను ఉన్నవారికి ఆ రోజే పంపండి, కానీ పెద్ద వయసువారికి కాగితం మీదే ఇవ్వాలి. వారి పేరు, ఏ పడవ దగ్గర కూర్చుంటారు, ఎవరిని అడిగితే తెలుస్తుంది అన్నవి చిన్న నోటు పుస్తకంలో రాసుకోండి, ఊళ్లో టీ కొట్టు చిరునామా తీసుకుంటే తపాలా కూడా చేరుతుంది. గిలకలదిండిలో రొయ్యలు ఏరుతున్న ఒక మామ్మగారి ఫొటోను నేను ఆరు నెలల తర్వాత పట్టుకువెళ్లాను. ఆమె తడి చేతులను చీర కొంగుకు రెండుసార్లు తుడుచుకుని, కాగితాన్ని అంచులతో మాత్రమే పట్టుకుని చూసింది. తన ముఖం సంగతి ఏమీ అనలేదు. వెనుక మసకగా పడిన పడవను వేలితో చూపించి, అది తన పెద్ద కొడుకుదని, మొన్ననే అమ్మేశారని చెప్పింది. ఆ పడవ ఫొటో ఇంకొకటి ఉందా అని అడిగింది. తర్వాతి ప్రయాణానికి నేను సంచిలో మొట్టమొదట పెట్టుకున్నది ఆ పడవ ప్రింటు.